ఉల్లక్క పంపిన స్లైడ్లు

ఉల్లక్క షెడ్డు తాళం తీసేసరికి రోజూ ఆరున్నర అయ్యేది. ఈమధ్య తాళం తీయడానికి రెండు చేతులూ కావలసి వస్తున్నాయి. కుడిచేత్తో తాళం పట్టుకుని, ఎడమచేత్తో చెవి తిప్పి, తలుపును భుజంతో నెట్టి లోపలికి అడుగుపెడితే ముందు ఉల్లిపాయల వాసన, దాని వెనకే యాసిడ్ ఘాటు ముక్కుకు తగిలేవి. ముప్పై ఏళ్లుగా పీలుస్తున్న వాసన. బస్సులో తన పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోకపోవడానికి కారణం అదేనని ఆమెకు తెలుసు. మొదట్లో నామోషీగా ఉండేది. తర్వాత్తర్వాత, పోనీలే, సంచి పెట్టుకోవడానికి చోటు దొరికింది అనుకోవడం అలవాటైంది.

పైన రేకులు, కింద సిమెంటు నేల, ఒక గోడ పొడవునా రాతి బల్ల. బల్ల మీద వరసగా అరవై గాజు గ్లాసులు. ఒక్కో గ్లాసు మూతి మీద ఒక్కో ఉల్లిపాయ, అడుగు మాత్రం నీళ్లకు తగిలేట్టు కూర్చోబెట్టి ఉంటుంది. మూడు నాలుగు రోజులకు ఆ అడుగు నుంచి తెల్లటి వేళ్లు ముసలాయన గడ్డంలా దిగుతాయి. ఉల్లక్కకు కావలసింది ఆ వేళ్ల కొనలే. వేరు పెరిగేది కొన దగ్గర. అక్కడి కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూ ఉంటాయి. ఆ సందడి పొద్దుటి పూట ఎక్కువ. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య కొనలు కత్తిరించి, యాసిడ్ కలిపిన ఆల్కహాల్లో పడేస్తే ఏ కణం ఏ పనిలో ఉందో ఆ పనిలోనే ఆగిపోతుంది. మర్నాడు వాటిని మెత్తబరిచి, ఎర్రరంగు పట్టించి, గాజు పలక మీద నలిపి, పైన సన్నటి గాజు రేకు అతికించి, బడులకు పంపాలి. పిల్లలు మైక్రోస్కోప్ కింద పెట్టుకుని, కణం ఎలా విడిపోతుందో చూస్తారు. ఇంతే ఆ కంపెనీ చేసే పని. బూజు స్లైడ్లూ, ఈస్టు స్లైడ్లూ, చెరువు నీళ్లలో ఈదే ఒంటికణపు ప్రాణుల స్లైడ్లూ ఉండేవి గాని, బడులు ఎక్కువగా అడిగేది ఉల్లి వేరుకొనే.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. పెళ్లయిన కొత్తలో గాజు పలకలు కడగడానికి చేరింది. కంపెనీ పెట్టిన మాస్టారు కాలేజీలో జీవశాస్త్రం చెప్పి మానేసిన మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. ఒకరోజు నలిపే పనివాడు రాకపోతే, "ఏమ్మా, నువ్వొకసారి నొక్కి చూస్తావా?" అన్నారు. రంగు పట్టిన వేరుకొన బియ్యపు నూక కన్నా చిన్నది. దానిమీద గాజు రేకు వేసి, పైన అద్దుడు కాగితం పెట్టి, బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి. చెయ్యి వెంట్రుకవాసి పక్కకు జరిగినా కణాలు చుట్టుకుపోతాయి. ఎక్కువ నొక్కితే రేకు పటుక్కుమంటుంది. తక్కువ నొక్కితే కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఉల్లక్క నొక్కింది. మాస్టారు మైక్రోస్కోప్‌లో చూసి చాలాసేపు తల ఎత్తలేదు.

"నువ్వు కూడా చూడు" అన్నారు చివరికి.

ఆమె ఒక కన్ను మూసి చూసింది. గులాబీరంగు గదులు, ఇటుకలు పేర్చినట్టు, ఒక్క వరసలో పరుచుకుని ఉన్నాయి. చాలా గదుల్లో ఒక్కో గుండ్రటి ముద్ద. అది కేంద్రకం అన్నారు మాస్టారు. కొన్నింటిలో ఆ ముద్ద లేదు, చిక్కుపడ్డ దారాలున్నాయి. ఒకదాంట్లో ఆ దారాలు గది మధ్యన వరస కట్టాయి. ఇంకొకదాంట్లో సగం అటూ సగం ఇటూ లాక్కుపోతున్నాయి. ఆ చివరన ఒక గదికి నడుమ అడ్డగోడ లేస్తోంది. దారాలు క్రోమోజోములట, ఉల్లిపాయకు పదహారట. తల్లి కణంలో ఏముందో అదంతా పిల్లకణాలు రెండింటికీ ఒక్క దారం తేడా లేకుండా పంచడానికే ఇంత హంగామా అట.

అప్పటినుంచి ఆమె చేయి గాజు కడగడానికి వెళ్లలేదు. ప్రథమ దశ, మధ్య దశ, చలన దశ, అంత్య దశ అని నోరు తిరిగేదాకా మాస్టారే నేర్పారు. గ్లాసుల్లో నీళ్లు మార్చే తాత ఆమెకు ఉల్లక్క అని పేరు పెడితే, తాత పోయినా పేరు మిగిలిపోయింది. నలిపిన ప్రతి స్లైడూ చూసి, నాలుగు దశలూ కనబడితేనే పెట్టెలో పెట్టాలి. ఇరవై అయిదు స్లైడ్లకు ఒక పెట్టె. పెట్టెకు ఒక చీటీ. చీటీ మీద "చూసినవారు" అని అచ్చువేసి, ఎదురుగా ఖాళీ గీత. ఆ గీత మీద సంతకం చేసే పని కూడా ఆమెదే. "పుస్తకంలో బొమ్మ ఎలాగూ ఉంటుందమ్మా, అది నిజమో కాదో పిల్లలు చూసుకోవడానికే మన స్లైడు" అనేవారు మాస్టారు, ఎవరైనా తొందరపెడితే.

ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు కంపెనీ చూసుకునేది మాస్టారి అమ్మాయి. ఆమెను అందరూ మేడం అంటారు. మంచిదే, కాని ఎప్పుడు చూసినా ఒక చెవికి ఫోను, ఒక చేతిలో పెన్ను.

బొటనవేలి నొప్పి రెండేళ్ల కిందట మొదలైంది. ముందు పొద్దున్నే పట్టేసినట్టుండేది. తర్వాత సీసా మూత తిప్పితే మణికట్టుదాకా జివ్వుమనేది. తర్వాత జాకెట్టు గుండీ పెట్టుకోవడానికి కూడా ఆగి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. రోజుకు వందా నూటయాభై సార్లు, ముప్పై ఏళ్లు, ఒకే వేలిమీద ఒళ్లంతా మోపిన మనిషి. ఆసుపత్రిలో డాక్టరు వేలి మొదట్లో కీలు అరిగిపోయిందన్నాడు. విశ్రాంతి ఇవ్వమన్నాడు. "వేలొక్కదానికే విశ్రాంతి ఎలా ఇస్తారండీ, నన్ను వదిలి ఎక్కడికీ పోదు కదా?" అని అడిగితే ఆయన నవ్వి, పూసుకునే మందు రాశాడు.

వేలు మొరాయించిన రోజుల్లో ఆమె సీసా బిరడాతో నొక్కడం మొదలుపెట్టింది. బిరడాకు ఏం తెలుస్తుంది, అడుగున కణాలున్నాయో కంకర ఉందో. మొదట్లో చూసి, బాగాలేనివి తీసిపడేసేది. తీసేవి ఎక్కువవుతున్నకొద్దీ మళ్లీ నలపాల్సినవి ఎక్కువయ్యాయి. మళ్లీ నలిపితే వేలు. సాయంత్రం అయ్యేసరికి ప్రాణం ఉసూరుమనేది. స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోప్‌లోకి వంగాలంటే కొండ ఎక్కమన్నట్టుండేది.

ఒకరోజు రెండు పెట్టెలు చూడకుండా సంతకం చేసింది. రేపు పొద్దున్నే చూద్దాంలే అనుకుంది. పొద్దున్నే ఆ పెట్టెలు బండెక్కి వెళ్లిపోయాయి. వారం రోజులు ఫోను మోగినప్పుడల్లా ఆఫీసు గది వైపు చూసింది. ఏ బడి నుంచీ ఏ మాటా రాలేదు. ఎవరూ అడగలేదు. మళ్లీ ఒకరోజు మూడు పెట్టెలు. తర్వాత లెక్క మరిచిపోయింది. సంతకం మాత్రం ముత్యాల కోవలాగే ఉండేది. పెన్ను పట్టుకోవడానికి వేలిమీద ఒళ్లంతా మోపక్కర్లేదు.

ఆ ఉత్తరం వచ్చింది ఒక మంగళవారం మధ్యాహ్నం. ఉల్లక్క గ్లాసుల్లో నీళ్లు మారుస్తోంది. పక్కన కొత్తమ్మాయి గాజు పలకలు తుడుస్తోంది. చేరి ఏడాదిన్నర అయినా అందరికీ ఆమె కొత్తమ్మాయే. ఇంట్లో రెండేళ్ల పిల్ల, నోట్లో ఎప్పుడూ ఆగని మాట.

మేడం గుమ్మంలో నిలబడి, "అక్కా, ఒకసారి ఇలా రండి" అంది. గొంతులో ఏదో తేడా.

ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఉత్తరం చదివి వినిపించింది. రాసింది ఒక బడిలో జీవశాస్త్రం టీచరు.

"మా తొమ్మిదో తరగతి ప్రాక్టికల్ పరీక్షకు మీ ఉల్లి వేరుకొన స్లైడ్లు రెండు విడతలుగా వాడాం. చూసింది చూసినట్టు గీయమన్నాను. నలభై ఒక్కమంది నాలుగు దశలూ ముచ్చటగా గీశారు. ఒక్క పిల్ల మాత్రం దీనితో జతచేసిన బొమ్మ గీసింది. సున్నా వేసి, అందరి ముందూ నిలబెట్టి అడిగాను. వారం తర్వాత స్లైడ్లు పెట్టెలో సర్దుతూ, ఆ పిల్లకిచ్చిన స్లైడు ఎందుకో ఒకసారి మైక్రోస్కోప్ కింద పెట్టాను. తను గీసింది అక్షరాలా అదే. మిగతావి కూడా చూశాను. ఇరవై అయిదింటిలో రెండో మూడో తప్ప దేంట్లోనూ ఏమీ తెలియలేదు. అంటే నలభై ఒక్కమందీ పుస్తకంలో బొమ్మ గీశారు, నేను ముచ్చటపడి మార్కులు వేశాను. ఎవరిమీద కోప్పడాలో నాకు తెలియడం లేదు. పెట్టెలో చీటీ మీద 'చూసినవారు' అని ఒక సంతకం ఉంది. ఆ చూసినవారు ఏం చూశారో కనుక్కుని చెప్పగలరు."

మేడం ఉత్తరం మడిచి బొమ్మ ముందుకు జరిపింది. తెల్లకాగితం మీద పెన్సిలుతో పెద్ద వృత్తం. అందులో ఒక పక్కన, బస్తాలోంచి ఒలికిన గింజల్లా ఒకదానిమీద ఒకటి పడ్డ ఆకారాలు. ఇంకో పక్కన నల్లటి మందపాటి అంచుతో ఒక గుండ్రం. వృత్తానికి అడ్డంగా వంకరటింకరగా ఒక గీత. మూడింటి నుంచీ మూడు బాణాలు, స్కేలు పెట్టి గీసినవి. మూడు బాణాల చివరా ఒకే మాట. తెలియదు. తెలియదు. తెలియదు.

ఉల్లక్క బొమ్మను దగ్గరికి లాక్కుంది. ఆ గింజల కుప్ప తనకు తెలుసు. బిరడా జారితే అలాగే వస్తుంది.

"సంతకం మీదేగా అక్కా?"

"నాదే మేడం."

"చూసే పంపారా?"

మేడం ఫోను మోగడం మొదలైంది. "చూసే పంపాను మేడం" అనేసింది.

"అదే అనుకున్నాను. ముప్పై ఏళ్ల చెయ్యి మీది. వాళ్ల మైక్రోస్కోప్ లెన్సులకు బూజు పట్టి ఉంటుంది. అదే రాసి పంపిస్తాను రేపు" అని మేడం ఫోను ఎత్తుకుంది. బొమ్మ బల్లమీదే ఉండిపోయింది. ఉల్లక్క దాన్ని మడిచి కొంగు కింద పెట్టుకుని బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో కుర్చీలో కూలబడితే మళ్లీ లేవలేదు. మొగుడు అప్పుడే వచ్చాడు. పది అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగి ఎక్కడికీ చేరని మనిషినని తనమీద తనే జోకు వేసుకుంటాడు. ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని మందు రాస్తూ, "ఆ ఉల్లిపాయ వేళ్ల కోసం ఈ వేళ్లు అరగదీసుకున్నావు కదే" అన్నాడు. రోజూ అనే మాటే. రోజూ ఆమె ఒక చిన్న నవ్వు నవ్వేది. ఆరోజు బొమ్మ తీసి చూపించింది. జరిగింది చెప్పింది, మేడంతో చెప్పిన అబద్ధంతో సహా.

ఆయన బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నాకేం అర్థం కాలేదు గాని, పిల్ల గీత మాత్రం శుభ్రంగా ఉంది" అన్నాడు. బొమ్మ మడుస్తూ, "అందరి ముందూ నిలబెట్టారా?" అని అడిగాడు.

"ఊఁ."

ఆయన మందు సీసా మూత తనే పెట్టి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు దించుకున్నాడు.

మర్నాడు ఉల్లక్క వేరుకొనలు కత్తిరించలేదు. మేడం రాగానే గుమ్మంలోనే ఎదురెళ్లి, "ఆ ఉత్తరం పంపకండి మేడం. ఆ పెట్టెకు బదులు నేనే ఇంకో పెట్టె తీసుకెళ్లి ఇచ్చివస్తాను" అంది. మేడం ఆమె ముఖం వైపు ఒక క్షణం చూసి, సరే అంది. ఎందుకని అడగలేదు.

బీరువాలో బండెక్కడానికి సిద్ధంగా నాలుగు పెట్టెలున్నాయి. నాలుగింటి మీదా తన సంతకం. వాటిని దించి స్టూలు మీద కూర్చుంది. ఒక్కో స్లైడు కింద పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలదాకా జరుపుతూ చూసింది. కుప్ప. బుడగ. కుప్ప. రంగు పట్టనిది. పగులు. ఇంకోదాంట్లో కణాలు చక్కగా పరుచుకున్నాయి గాని ఒక్కటీ విడిపోవడంలేదు, వేరుకొన వదిలేసి పైముక్క కోసినట్టున్నారు. ఎవరో కాదు, తనే. మధ్యాహ్నానికి కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. ఏడుపు కాదు, వెలుగు. కొత్తమ్మాయి వచ్చి, "అక్కా, కాస్త లేచి నడువు, మెడ అలాగే ఉండిపోతుంది" అంది. రెండు రోజులు పట్టింది. నూరింటిలో పదకొండు మిగిలాయి.

ఆ పదకొండింటినీ ఒక పెట్టెలో పెట్టుకుని శుక్రవారం బస్సెక్కింది.

బడి పొడవాటి వరండా. గదుల్లోంచి పాఠాల హోరు. స్టాఫ్‌రూములో టీచరు ఒక్కతే ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. కళ్లజోడు నెత్తిమీదికి నెట్టుకుని, ముందు పేర్చిన నోటుపుస్తకాల వెనక సగం కనబడుతోంది.

"స్లైడ్ల కంపెనీ నుంచి వచ్చానండీ."

"కొత్త పెట్టె తెచ్చారా? అక్కడ పెట్టి వెళ్లండి."

"పదకొండే ఉన్నాయండీ ఇందులో. మిగతావి పనికిరావు." పెట్టె బల్లమీద పెట్టి, "ఆ సంతకం నాదేనండీ" అంది ఉల్లక్క.

టీచరు పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ చూపించింది. "మరి ఏం చూశారు?"

"చూడలేదండీ."

"ఎందుకని?"

దారిపొడవునా ఆమె చాలా మాటలు కూడబెట్టుకుంది. వేలు సంగతి, బిరడా సంగతి, డాక్టరు సంగతి. తీరా నోరు తెరిస్తే అందులో ఒక్కటీ రాలేదు. "అలిసిపోయానండీ" అంది.

టీచరు ఆమె ముఖంలోకి చూసింది. కోప్పడటానికి సిద్ధపడ్డ ముఖం మెల్లగా సడలింది.

"నా సంగతీ అంతేనండీ. నలభై రెండు బొమ్మలు ఒక్క పూటలో దిద్దాలి. పది అయ్యేసరికి కళ్లు తెరుచుకునే ఉంటాయి, చూడటం మానేస్తాయి. పుస్తకంలోలా కనబడితే టిక్కు కొట్టేశాను. దానిది ఒక్కటే పుస్తకంలోలా లేదు. అందుకే చిక్కింది నా చేతికి." నోటుపుస్తకాల గుట్టను అరచేత్తో సర్దింది. "మార్కులు పైకి పంపేశాను. వెనక్కి తెప్పించమని హెడ్మాస్టరు గారిని రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నారు."

"ఆ పాపను ఒకసారి చూడొచ్చా అండీ?"

టీచరు తటపటాయించింది. తర్వాత లేచి వెళ్లి పిలుచుకొచ్చింది.

పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. ఒక కాలి సాక్సు జారిపోయి ఉంది. మళ్లీ ఏం మూడిందో అన్నట్టు గుమ్మం దగ్గరే ఆగింది. ఉల్లక్క లేచి నిలబడింది, ఎందుకు నిలబడిందో తనకే తెలియదు.

"నీకిచ్చిన స్లైడు చేసింది నేనేనమ్మా. చూడకుండా పంపేశాను. తప్పు నాది. నువ్వు గీసింది సరిగ్గానే ఉంది."

పిల్ల టీచరు వైపు చూసింది, ఉల్లక్క వైపు చూసింది. "అందరూ నవ్వారు" అంది.

ఉల్లక్క బొమ్మ తీసి బల్లమీద పరిచింది. పిల్ల దగ్గరకొచ్చి వంగి, వేలు పెట్టి, "మరి ఈ గుండ్రం ఏంటి?" అని అడిగింది.

"గాలి బుడగ. రేకు వేసేటప్పుడు ఒక పక్కనుంచి మెల్లగా దించాలి. గబుక్కున దించితే గాలి చిక్కుకుంటుంది. అందుకే అంచు అంత నల్లగా ఉంటుంది."

"ఈ గీత?"

"గాజు రేకు పగిలింది."

"ఇవి?"

"ఇవి కణాలేనమ్మా. నువ్వు వెతికినవే. సరిగ్గా నొక్కకపోతే విడివిడిగా పరుచుకోవు, ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. లోపల కేంద్రకం ఉన్నా కనబడదు."

పిల్ల టీచరు బల్లమీది పెన్సిలు తీసుకుంది. తెలియదు అన్న మాటలు మూడూ కొట్టేసి, పక్కన గాలి బుడగ, పగులు, కణాలు అని పొందిగ్గా రాసుకుంది. బొమ్మ మడిచి జేబులో పెట్టుకుంది. ఇస్తారా అని అడగలేదు.

టీచరు మైక్రోస్కోప్ తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది. పదకొండింటిలోంచి ఉల్లక్క ఒకటి ఏరి కింద పెట్టి, తనే సరిచేసి, పక్కకు జరిగింది. పిల్ల కన్ను ఆనించింది. స్లైడును తనే కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయింది.

"ఇదిగో, ఇక్కడ ఒకటి లాక్కుపోతోంది" అంది హఠాత్తుగా. "అటూ ఇటూ."

"చలన దశ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇది ఇంకాసేపటికి రెండవుతుందా?"

"లేదమ్మా. అది చచ్చిపోయింది. యాసిడ్లో పడ్డప్పుడే అక్కడే ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"పోయిన నెల్లో. పొద్దున ఎనిమిదిన్నరకి" అంది ఉల్లక్క.

పిల్ల తల ఎత్తి ఆమెను మొదటిసారి సరిగ్గా చూసింది. ఏదో అడగబోయింది. ఇంతలో గంట కొట్టారు. సాక్సు పైకి లాక్కుని పరిగెత్తింది. థాంక్స్ చెప్పలేదు, పర్వాలేదనీ అనలేదు. అనాలని ఉల్లక్కా అనుకోలేదు.

తిరుగు బస్సులో నిద్రపట్టి, దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టాపులు ముందుకు వెళ్లి, అంత దూరమూ కాళ్లీడ్చుకుంటూ వెనక్కి నడిచింది. షెడ్డుకు వచ్చేసరికి మేడం వెళ్లడానికి సిద్ధమవుతోంది.

"మేడం, మీతో అబద్ధం చెప్పాను. చూసి పంపలేదు. ఏడాది పైనే అయింది సరిగ్గా చూడక."

మేడం చేతిసంచి మళ్లీ బల్లమీద పెట్టింది. "తెలుసక్కా" అంది. "మీరు బిరడాతో నొక్కడం కిటికీలోంచి చాలాసార్లు చూశాను. అడిగితే మీరు చెయ్యలేనంటారు. చెయ్యలేనంటే పని ఆగిపోతుంది. అందుకని అడగలేదు. లెన్సులకు బూజు అన్నప్పుడు కూడా నాకు తెలుసు." కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నాన్నగారి పోలిక ఆ అలసటలోనే కనబడింది ఉల్లక్కకు. మాస్టారు చివరి రోజుల్లో ఇలాగే కూర్చునేవారు.

ఇద్దరూ కూర్చుని ఏం చేయాలో మాట్లాడుకున్నారు. గొప్ప ఉపాయాలేమీ తట్టలేదు. నలిపే పని కొత్తమ్మాయికి. ఉల్లక్క నేర్పాలి, చూడాలి. పంపేవి తక్కువైతే తక్కువే. పోయిన ఏడాది పెట్టెలు కొన్న బడులన్నింటికీ మేడం ఉత్తరాలు రాయాలి, స్లైడ్లు బాగాలేకపోతే వెనక్కి పంపమని. రాసింది కూడా. కొన్ని బడులు పంపాయి. చాలా బడులు జవాబే ఇవ్వలేదు. ఆ స్లైడ్లు ఏ బీరువాల్లో ఉన్నాయో, ఏ పిల్లలు వాటిని చూసి ఏం గీస్తున్నారో అనుకుంటే ఉల్లక్కకు అన్నం సహించేది కాదు. కొన్నాళ్లకు సహించింది.

నెలన్నర తర్వాత ఆ టీచరు నాలుగు ముక్కలు రాసి పంపింది. మార్కులు వెనక్కి రాలేదుగాని, హెడ్మాస్టరు మళ్లీ పరీక్ష పెట్టుకోమన్నారట. పదకొండు స్లైడ్లతో నలభై రెండు మందికీ వంతులవారీగా పెట్టిందట. చాలామందికి ముందుకన్నా తక్కువ మార్కులొచ్చి, తల్లిదండ్రులు బడికొచ్చి గొడవ చేశారట. ఆ పిల్లకు పదికి ఏడు. అంత్య దశ దొరకలేదట. దొరకలేదు అని రాసిందట.

కొత్తమ్మాయికి పని నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆమె వేలు బలమైనదే గాని మనసు ఒకచోట ఉండదు. నొక్కేటప్పుడు కూడా మాట్లాడుతుంది. మాట్లాడితే చెయ్యి కదులుతుంది. రోజుకు పది స్లైడ్లలో ఎనిమిది ఉల్లక్క తీసి నీళ్ల బకెట్లో పడేసేది.

"అక్కా, నీ వేలు పోయిందని నా వేలిమీద పగబట్టావా?" అనేది కొత్తమ్మాయి.

"మాట్లాడకుండా నొక్కవే తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"నోరు మూసుకుంటే నాకు ఊపిరాడదు."

మెల్లగా పదిలో మూడు నిలబడ్డాయి. ఎండలు ముదిరేసరికి అయిదు. వేలికి పట్టీ కట్టుకుని ఉల్లక్క రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునేది. వేలికి ఇచ్చిన విశ్రాంతి ఒంటికి అందలేదు. నొప్పి వేలినుంచి మెడకు బదిలీ అయిందంతే. కళ్లు మంటెత్తేవి. మొగుడు రాసే మందు సీసా అదే, రాసే చోటు మారింది. అయినా ప్రతి స్లైడూ ఈ మూల నుంచి ఆ మూలదాకా జరిపేది. సంతకం చేసేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆగిపోయేది. మళ్లీ తెరిచి, మళ్లీ చూసి, అప్పుడు చేసేది. పని గంటసేపు వెనకబడేది.

ఒక మధ్యాహ్నం కొత్తమ్మాయి పని ముగించి, ఊరికే ఉండలేక, ఉల్లక్క చూసి పక్కన పెట్టిన స్లైడ్లలోంచి ఒకటి తీసి రెండో మైక్రోస్కోప్ కింద పెట్టింది. చాలాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దానికే ఉల్లక్క తల తిప్పింది.

"అక్కా, ఇది నువ్వు పాస్ చేశావా?"

"ఏం?"

"ఇందులో చలన దశ లేదు. అంతా వెతికాను. వరస కట్టినవి బోలెడున్నాయి. లాక్కుపోయేది ఒక్కటీ లేదు."

ఉల్లక్క లేచి వెళ్లి చూసింది. వరసలు కట్టిన క్రోమోజోములు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. వాటినే చూసి మురిసిపోయి ఉంటుంది. ఈ మూల నుంచి జరుపుతూ ఆ మూలకు వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. లేదు.

"లేదు" అంది. స్లైడు తీసి బకెట్లో వేసింది. "పెట్టెలో ఇంకా ఎన్నున్నాయి?"

"పదిహేడు."

"నువ్వు చూడు. నేను కాస్త కళ్లు మూసుకుంటాను."

కొత్తమ్మాయి స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది. ఉల్లక్క గోడకు చేరగిలబడి, పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది.